ద్రాక్ష పాయసానికి ప్రారంభోత్సవం

ఒక పెద్ద అడవిలో చెట్లకంటే సంఘాలెక్కువ. ఆ అడవిలోనే భల్లమ్మ అనే ఎలుగుబంటి ఒక కుక్కపిల్లను పెంచుకుంటోంది. దాని పేరు చిమ్మిలి.

పోయిన కార్తీక వనభోజనాల్లో ఎవరో ముద్దుకొద్దీ పెట్టిన ఎండుద్రాక్ష పాయసం తిని చిమ్మిలి చావు అంచుదాకా వెళ్లొచ్చింది. అందుకే ఈసారి భల్లమ్మ వారం ముందే అడవి పెద్ద ఏనుగు దగ్గరకెళ్లింది.

"అయ్యా, కుక్కలకు ద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ పడవట. ఆ గిన్నెలు కాస్త ఎత్తున పెట్టిస్తే చాలు."

"ఎత్తున పెడితే చాలా? అంత తేలిగ్గా తేలిపోతే ఇక మేమెందుకమ్మా?" అంది పక్కనే ఉన్న నక్క.

సాయంత్రానికల్లా 'పెంపుడు ప్రాణుల విందు భద్రతా సంఘం' పుట్టింది. ఏనుగు అధ్యక్షుడు, నక్క కార్యదర్శి, వంటల కోతి సభ్యుడు.

"ముందు అవగాహన రావాలి," అని తేల్చింది నక్క. "ఏవి తినకూడదో కళ్లకు కట్టేలా ప్రదర్శన పెడదాం. పక్కన బోర్డులు రాయిద్దాం."

"మా చిమ్మిలికి చదవడం రాదు కదండీ!"

"అక్షరాస్యత వేరే సంఘం చూస్తుందమ్మా."

"పాయసం నేనే వండుతా," అంది కోతి. "చూడ్డానికే అయినా నెయ్యి తగ్గిస్తే నా పరువేం కాను?"

ఇంతమంది పెద్దలు తన పిల్ల కోసం తలలు బద్దలుకొట్టుకుంటుంటే భల్లమ్మకు కళ్లు చెమర్చాయి. అదే ఆవిడ చేసిన తప్పు.

వనభోజనాల రోజు రానే వచ్చింది. ప్రదర్శన బల్లను సరిగ్గా కుక్కపిల్ల మూతి ఎత్తులో వేయించారు. "వాటికి స్పష్టంగా కనబడాలి కదా!" అంది ఏనుగు. ముఖ్య అతిథి చిమ్మిలే. అడ్డంగా కట్టిన తీగను పళ్లతో కొరికి ప్రారంభించాలి.

"నేను దాని పక్కనే ఉంటానండీ," అంది భల్లమ్మ.

"ఆదర్శ మాతగా సన్మానం మీకేనాయె! కింద నిలబడితే ఎలాగమ్మా?" అంటూ నక్క ఆవిడను వేదిక మీద కూర్చోబెట్టింది.

చిమ్మిలి తీగ కొరికింది. చప్పట్లు మోగాయి. అదే అదనుగా కోతి శాలువా కప్పితే, అది భల్లమ్మ ముఖం మీదుగా జారింది. ఏనుగు సన్మానపత్రం చదవడం మొదలుపెట్టింది. "బిడ్డను కంటికి రెప్పలా కాచుకునే ఓ మాతృమూర్తీ..."

శాలువా లోపల భల్లమ్మకు ఎక్కడో చప్‌చప్‌మని నాకుతున్న చప్పుడు వినబడింది.

"చిమ్మిలీ!" అని లేవబోయింది. నక్క భుజం నొక్కిపట్టింది. "ఇంకా రెండు పేరాలే ఉన్నాయి. ఫోటో కూడా కాలేదు."

భల్లమ్మ శాలువాతో సహా వేదిక మీంచి దూకింది. పాయసం గిన్నె కడిగినట్టు మెరుస్తోంది. పిల్లను చంకనేసుకుని, వాగు దాటి, కొంగ డాక్టరు గుమ్మంలో పడింది. డాక్టరు తిన్నదంతా కక్కించి, రెండు రోజులు కళ్లముందే ఉంచుకుని, "గండం గడిచింది, తీసుకెళ్లు," అంది.

ఈలోగా సంఘం సమావేశమైంది. "ద్రాక్ష ప్రమాదమని నోటితో చెబితే ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు అందరూ కళ్లారా చూశారు. ప్రదర్శన ఘనవిజయం," అని తీర్మానించింది. బోర్డును ధిక్కరించినందుకు చిమ్మిలికి ఒక నోటీసు, సన్మానం మధ్యలో లేచిపోయినందుకు భల్లమ్మకు మరొకటి పంపింది.

నీతి: నిన్ను కాపాడటానికి సంఘం పెట్టారని తెలిస్తే, ముందు డాక్టరు ఇల్లెక్కడో కనుక్కో.