బాతుల కమిటీలో మిస్ ఒడెస్సా

నల్లజాతి విద్యార్థులకు అండగా ఉండేందుకు నియమించిన ఉద్యోగిని ఆ విద్యార్థులకు ఎన్నటికీ దొరకకుండా చూడడమే, ఒక విశ్వవిద్యాలయం వారికి చేయగల అత్యున్నత సేవ!

తొందరపడి కోప్పడకండి. నిరూపిస్తాను. ఆధారం లేని మాట నేను ఆడను. ఆధారమున్నా రెండుసార్లు తూచి గానీ ఆడను.

అయోవా మొక్కజొన్న చేల నడుమ ఉన్న మా విశ్వవిద్యాలయాన్నే తీసుకోండి. విద్యార్థులు పద్దెనిమిది వేలు. వారిలో నల్లజాతివారు నాలుగు వందల పైచిలుకు. వారందరి మంచిచెడ్డలు చూసేందుకు ఒకే ఒక్క అధికారిణి, ఒడెస్సా ప్రిజాన్. లూయిజియానా మనిషి. ఆమె నవ్వితే పక్క గదిలో వాళ్ళకు కారణం తెలియకుండానే నవ్వొస్తుంది. విద్యార్థులకు ఆమె మిస్ ఒడెస్సా.

పదకొండేళ్ళ క్రితం ఆమెకొక గది ఇచ్చారు, రెండు కుర్చీలు వేశారు, ‘ఈ తలుపు మీకోసం ఎప్పుడూ తెరిచే ఉంటుంది’ అని పలక తగిలించారు. పలకలో అసత్యమేమీ లేదు. తలుపు తెరిచే ఉంటుంది. లోపల మనిషే ఉండదు.

ఎందుకుండదు? కమిటీల వల్ల!

మా విశ్వవిద్యాలయానికి న్యాయబుద్ధి మెండు. ప్రతి కమిటీలోనూ నల్లజాతి ప్రతినిధి ఒకరు ఉండి తీరాలని నియమం పెట్టుకుంది. నియమం మంచిదే కదా? కాదనడానికి నేనెవరిని? కమిటీలు ముప్పై ఒకటి. పిలిస్తే కాదనలేని ప్రతినిధి ఒక్కరు. మిగతాది మీరే ఊహించుకోండి.

అలా ఆమె పార్కింగ్ కమిటీలో చేరింది. పచ్చిక కమిటీలో చేరింది. గడియారస్తంభం గంట ఎంత గట్టిగా మోగాలో తేల్చే కమిటీలో చేరింది. కమిటీల సంఖ్య తగ్గించే కమిటీలో కూడా ఉంది. అది వారానికి రెండుసార్లు కూర్చుంటుంది.

అన్నిటికన్నా గంభీరమైనది చెరువు బాతుల సంక్షేమ కమిటీ. దాని అధ్యక్షుడు తర్కశాస్త్రం బోధించి రిటైరైన తెల్లజాతి పెద్దమనిషి. ఏడేళ్ళుగా ప్రతి సమావేశంలోనూ ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, ఎంతో మర్యాదగా ఒకే ప్రశ్న వేసేవాడు.

“ఒడెస్సా గారూ, బాతుల గురించి మీ వాళ్ళేమనుకుంటారు?”

“అడిగి చెప్తానండీ” అనేది ఆమె, ఏడేళ్ళుగా, అంతే మర్యాదగా.

ఇక ఫలితం చూడండి! చదువు మానేయదలచిన నల్లజాతి విద్యార్థి ముందుగా మిస్ ఒడెస్సాతో కూర్చుని మాట్లాడాలి, దరఖాస్తు మీద ఆమె సంతకం తేవాలి. ఆమె దొరకదు. సంతకం పడదు. కాబట్టి ఎవరూ మానలేరు! ఎవరైనా పెట్టె సర్దుకుని చెప్పకుండా వెళ్ళిపోతే? కాగితం లేదు కనుక వాళ్ళు వెళ్ళనట్టే. నిరుడు చదువు మానిన నల్లజాతి విద్యార్థుల సంఖ్య సున్నా. విశ్వవిద్యాలయ అధ్యక్షులవారు వార్షికోత్సవంలో ఆ అంకె చదివితే సభ లేచి చప్పట్లు కొట్టింది. మిస్ ఒడెస్సా కొట్టలేదు. ఆమె ఆ వేళ పచ్చిక కమిటీలో ఉంది.

ఇంత పకడ్బందీ ఏర్పాటుకు మొన్న ఫిబ్రవరిలో ఒక మంగళవారం నాడు గండి పడింది. గండికొట్టిన పిల్ల పేరు కియాండ్రా మోస్లీ. మెంఫిస్ అమ్మాయి, కెమికల్ ఇంజనీరింగు రెండో ఏడు. ప్రయోగశాలలో బల్లకు నలుగురు చొప్పున కూర్చోవాలి. ఆమె ఏ బల్ల దగ్గరికి వెళ్ళినా ‘నిండిపోయింది’ అనేవారు. మూడు స్టూళ్ళ మీద మనుషులుండేవారు, నాలుగో దాని మీద బ్యాగు ఉండేది. ప్రొఫెసరు ఆమెను రెండుసార్లు ‘నీది ఈ క్లాసేనా?’ అని అడిగాడు. మూడు వారాలు నలుగురి పని ఒక్కతే చేసింది. నాలుగో వారం దరఖాస్తు నింపింది. గడువు శుక్రవారం అయిదు గంటలు. అది దాటి మానితే అన్ని సబ్జెక్టులూ తప్పినట్టే.

తెరిచి ఉన్న తలుపు దగ్గరికి వెళ్ళింది. పక్కనున్న కంప్యూటర్ తెర మీద రాసి ఉంది: తదుపరి ఖాళీ, ఏప్రిల్ పదకొండు, ఇరవై నిమిషాలు.

అక్కణ్ణుంచి భోజనశాలకు వెళ్ళింది. అక్కడ వంటాయన హాలిస్‌కు విశ్వవిద్యాలయంలో తెలియని రహస్యం లేదు.

“మొహం అలా వేలాడేసుకొచ్చావేంటి తల్లీ?”

“మిస్ ఒడెస్సా కోసం వెళ్ళా మిస్టర్ హాలిస్. ఆఫీసులో లేరు.”

“ఆఫీసులో ఎందుకుంటుంది? చేపల కోసం చెట్టెక్కుతారా ఎవరైనా? రెండింటికి బాతుల కమిటీ ఉంది. విద్యార్థి సభ్యుడి కుర్చీ తొమ్మిదేళ్ళ బట్టి ఖాళీ. వెళ్ళి కూర్చో.”

“బాతుల గురించి నాకేం తెలుసు?”

“అక్కడున్నోళ్ళకి తెలుసనుకున్నావా?” అంటూ మొక్కజొన్న రొట్టె ఒక ముక్క ఎక్కువే పెట్టాడు.

కమిటీ ఆమెను ఆనందంతో ఆహ్వానించింది. యువత, పైగా నల్లజాతి యువత, పైగా బాతుల పట్ల ఆసక్తి! అధ్యక్షుడి కళ్ళు చెమర్చాయి. చర్చ మూడో అంశానికి చేరింది: బాతులు రోడ్డు దాటే చోట పెట్టే బోర్డు ఏ రంగులో ఉండాలి? ఆ సందడిలో మిస్ ఒడెస్సా పక్కకు వంగింది.

“ఏమన్నా తిన్నావా?”

“తిన్నాను మేడమ్. ఇక్కడో సంతకం కావాలి.”

మిస్ ఒడెస్సా కాగితం చూసింది. అజెండా కిందకి తోసేసింది.

“వెళ్ళిపోవాలనుందా, ఉండలేకపోతున్నావా? రెండూ ఒకటి కాదమ్మాయ్.”

కియాండ్రా బల్లకేసి చూసింది. “నాలుగో స్టూలు మీద బ్యాగు పెడతారు మేడమ్. బ్యాగుకున్న చోటు కూడా నాకు లేదు.”

“ల్యాబు ఎప్పుడు?”

“గురువారం. రెండింటికి.”

“సంతకం శుక్రవారం దాకా ఆగుతుందిలే. ముందు గురువారం రానీ.”

సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. “ఒడెస్సా గారూ, బాతుల గురించి మీ వాళ్ళు...”

“ఈసారి నా వంతు ఈ అమ్మాయికిస్తున్నానండీ.”

కియాండ్రా లేచి నిలబడింది. “బాతుల సంగతి నాకు తెలీదండీ. మొత్తం యూనివర్సిటీలో ఈవిడ పక్కన కుర్చీ ఇక్కడొక్కచోటే ఖాళీగా ఉందంటే వచ్చాను.”

సమావేశం మినిట్స్‌లో ఇలా నమోదైంది: ‘విద్యార్థి సభ్యురాలు కుర్చీల ఏర్పాటు పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు.’

బోర్డు రంగు తేలలేదు కనుక గురువారం రెండింటికి కమిటీ ప్రత్యేకంగా మళ్ళీ కూర్చుంది. మిస్ ఒడెస్సా రాలేదు. పదకొండేళ్ళలో మొదటి గైర్హాజరు! ఎక్కడికి పోయింది? ప్రయోగశాలకు. తిన్నగా రెండో బల్ల దగ్గరికి వెళ్ళి, నాలుగో స్టూలు మీది బ్యాగును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

“ఎవరిది నాన్నా ఇది? దీనిక్కూడా మార్కులేస్తున్నారా?”

ఒక కుర్రాడు చెవుల దాకా ఎర్రబడి బ్యాగు అందుకుని కింద పెట్టుకున్నాడు. కియాండ్రా కూర్చుంది. మిస్ ఒడెస్సా కిటికీ పక్కన చేరి మూడు గంటలూ కదలలేదు. ప్రొఫెసరు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

“మీరు... ఈ క్లాసేనా?”

“ఈ క్లాసేనండీ. ఆ అమ్మాయిది కూడా ఇదే. మళ్ళీ అడగనక్కర్లేదు.”

శుక్రవారం అయిదు గంటలు వచ్చాయి, పోయాయి. ఆ నాలుగో స్టూలు కాస్త కుంటిదట. సంతకం లేని దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి దాని కాలి కింద దూర్చింది కియాండ్రా. ఇప్పుడది ఊగడం లేదు.

పాఠకులారా, ఈ సంఘటన నా సిద్ధాంతానికి కొంత ఇబ్బందికరమే, ఒప్పుకుంటాను. అయితే ఒక్క దృష్టాంతంతో సిద్ధాంతం కూలుతుందా? అవతలి పక్షాన్ని కూడా పరిశీలించాలి కదా? మిస్ ఒడెస్సా లేని ఆ మధ్యాహ్నం బాతులకు వాటిల్లిన నష్టమెంత? నేను స్వయంగా చెరువు గట్టుకు వెళ్ళి లెక్కించాను. పద్నాలుగు బాతులు. ఏ బోర్డూ చూడకుండా, ఎవరి అభిప్రాయమూ అడగకుండా రోడ్డు దాటుతున్నాయి.

అయినా క్రమశిక్షణ క్రమశిక్షణే. గైర్హాజరుకు సంజాయిషీ కోరుతూ మిస్ ఒడెస్సాకు లేఖ పంపాలని కమిటీ తీర్మానించింది. అధ్యక్షుడు పంపాడు. చక్కని లేఖ, ఒక్క తర్కదోషం లేదు. ఎలా తెలుసంటారా? రాసింది నేనే. ఆ అధ్యక్షుణ్ణి నేనే.

సోమవారం జవాబు వచ్చింది. ఒక్క వాక్యం.

“ప్రొఫెసర్ గారూ, బాతుల గురించి మీ వాళ్ళేమనుకుంటారు?”

ముప్పై నాలుగేళ్ళు తర్కం బోధించినవాణ్ణి. మూడు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. చివరికి తోచిన సమాధానం ఇదొక్కటే:

అడిగి చెప్తానండీ.