కొంగల జట్టు, జిగ్గీ మీసం

జిగ్గీ అని అందరూ పిలిచే జిగ్మండ్ వొరొనెక్ తన మీసాన్ని పందెంలో పెట్టింది ఈస్టర్ ఆదివారం నాడు. పెట్టిన చోటు సొంత భోజనాల బల్ల. సాక్షి చర్చి ఫాదర్ క్లీటస్. ఇంతకన్నా తెలివితక్కువగా పందెం కాయడం అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఇంకెవరికీ చేతకాదు.

ఆ మీసం సామాన్యమైంది కాదు. పెళ్ళినాటి నుంచి ఉంది. రెండు కొసలూ బుగ్గల మీదికి పాకాయి. జిగ్గీ సూప్ తాగితే సగం గిన్నె అదే తాగేది. భార్య బెర్నాడిన్‌కి దాన్ని చూస్తే ఒళ్ళుమంట.

"నేను పెళ్ళాడింది మనిషినా, సున్నం వేసే కుంచెనా?" అనేది.

ఆ రోజు బల్ల మీద, చర్చిలో పవిత్రజలం చల్లించి తెచ్చిన బుట్ట ఉంది. అందులో గుడ్లు, సాసేజీ, వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ. బేస్‌బాల్ సీజను అప్పుడే మొదలైంది. ఊరి జట్టు పేరు హెరాన్స్, అంటే కొంగలు. కిందటేడు వాళ్ళు పేరుకి తగ్గట్టే ఒంటికాలి మీద నిలబడి, బంతి తలమీంచి పోతుంటే భక్తిగా చూసి, అందరికన్నా అడుగున తేలారు.

"ఈ ఏడు కొంగలు ఎగురుతాయి, చూడండి ఫాదర్," అన్నాడు జిగ్గీ.

"నూరు ఆటలు ఓడతాయి," అంది బెర్నాడిన్ గుడ్డు ఒలుస్తూ.

"నూరా! నూరు ఓడితే ఈ మీసం తీసేస్తా! చర్చి హాల్లో, అందరి ముందూ!"

ఆ ఉద్రేకంలో చేతిలో ఉన్న కత్తి ఝాడించాడు. వెన్న గొర్రెపిల్ల తల ఎగిరి ఫాదర్ గారి కాఫీలో పడింది.

ఫాదర్ చెంచాతో తల బయటికి తీస్తూ, "నాయనా జిగ్మండ్, పవిత్రజలం చల్లిన భోజనం ముందు అన్న మాట. వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు మరి," అన్నారు.

మర్నాడు బెర్నాడిన్ కొత్త బ్లేడు కొని తెచ్చి స్నానాలగదిలో అద్దం ముందు పెట్టింది. ఊరికే పెట్టింది.

కొంగలు ఏప్రిల్లో ఓడాయి. మేలో ఓడాయి. జూన్‌లో ఒకనాడు వానకి ఆట ఆగిపోతే ఊళ్ళో పండగ చేసుకున్నారు. మూడో బేసు కాసే పొడుగాటి కుర్రాడికి జనం 'జల్లెడ' అని పేరు పెట్టారు. బంతి అతని దాకా వెళ్ళడం అందరికీ కనిపించేది. అతన్ని దాటి ఎలా పోయిందో ఎవరికీ అంతుపట్టేది కాదు.

జూలైలో జిగ్గీ ఒక భయంకరమైన సంగతి కనిపెట్టాడు. బెర్నాడిన్ టీవీ గదిలో అడుగు పెట్టిందంటే చాలు, అవతలివాళ్ళు బంతిని స్టాండ్ల అవతలికి కొడుతున్నారు.

"ఎందుకొచ్చావ్?" అన్నాడు.

"నా ఇల్లు కాబట్టి."

"నువ్వొస్తే ఓడుతున్నారు."

"నేను రాకపోయినా ఓడుతున్నారు. నేనొస్తే నీకు తెలుస్తోంది, అంతే. అప్పటిదాకా గుర్రు పెడుతున్నావు."

జిగ్గీ వెళ్ళి ఫాదర్‌ని అడిగాడు. "ఫాదర్, నేను కొంగల కోసం మోకరిల్లుతాను. అవతలి ఊరివాళ్ళు వాళ్ళ జట్టు కోసం మోకరిల్లుతారు. దేవుడు ఎవరి మాట వింటాడు?"

ఫాదర్ ఒకసారి పైకప్పు వైపు చూశారు. "నాకూ ఆ సందేహం ఉంది నాయనా. ఇద్దరి మాటా వింటాడనుకుంటా. ఆ తరవాత ఎవరు బంతి బాగా విసిరితే వాళ్ళు గెలుస్తారేమో."

జిగ్గీకి ఈ జవాబు తృప్తినివ్వలేదు. పైన పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు కింద మనిషే ఏదో ఒకటి చెయ్యాలి కదా!

చర్చి పైకప్పు కారుతోంది. బాగుచేయించడానికి ఆడవాళ్ళంతా పిరోగీలు చేసి అమ్ముతున్నారు. కజ్జికాయలా మడిచి, లోపల బంగాళాదుంప ముద్ద కూరి, ఉడకబెట్టి, వెన్నలో వేయించే పిరోగీలు.

"మా బెర్నీకి పిరోగీలు చెయ్యడమంటే ప్రాణం ఫాదర్. సిగ్గుపడి చెప్పలేకపోతోంది. సాయంత్రాలు పిలిపించండి. కొంగలు మన ఊళ్ళో ఆడే సాయంత్రాలైతే మరీ మంచిది."

ఫాదర్ అదోలా నవ్వారు. "మాకూ ఆ సాయంత్రాలే కావాలి నాయనా," అన్నారు. ఎందుకని జిగ్గీ అడగలేదు.

ఇంట్లో మాత్రం అగ్గి రాజుకుంది.

"నా పేరు నువ్విచ్చావా?"

"పుణ్యం వస్తుందని..."

"పుణ్యం కావాలంటే నువ్వెళ్ళు."

"నాకు పిండి కలపడం రాదు కదా."

"నేనేమన్నా పిండితో పుట్టానా?" అంటూనే వెళ్ళింది. జిగ్గీ ఆవిడ చేతికి గొడుగిచ్చి, తలుపు వేసి, గడియ కూడా పెట్టాడు.

ఆ సాయంత్రం కొంగలు గెలిచాయి!

జిగ్గీ వేరే జట్టు ఆట చూశానేమో అనుకుని టీవీ ఆపి మళ్ళీ పెట్టాడు. కొంగలే. మళ్ళీ సొంత ఊళ్ళో ఆడాయి, మళ్ళీ గెలిచాయి. బయటి ఊళ్ళలో ఎప్పట్లాగే ఓడుతున్నాయి గానీ, బెర్నాడిన్ పిరోగీలకి వెళ్ళిన రోజున మాత్రం ఓటమి లేదు. ఊరంతా నోరు తెరిచింది. ఈ విజయాల వెనక తన మేధస్సు ఉందని ఊరికి చెప్పుకోలేక జిగ్గీ లోలోపల ఉబ్బిపోయాడు.

ఆవిడ ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది.

"గొంతేమైంది?"

"ఆవిరి."

"బుగ్గలు ఎర్రబడ్డాయేం?"

"పొయ్యి."

"పాపం," అని జిగ్గీ ఆవిడ తెచ్చిన మిగులు పిరోగీలు ముందేసుకునేవాడు.

సెప్టెంబరు ఆఖరి ఆదివారానికి కొంగల ఓటములు తొంభైతొమ్మిది. మిగిలింది ఒకే ఆట, అదీ సొంత ఊళ్ళో. చర్చిలో పూజ నుంచి రాగానే బెర్నాడిన్ పిరోగీలు వడకట్టే పెద్ద చిల్లుల గిన్నె చంకన పెట్టుకుని గుమ్మంలో ఆగింది.

"ఆఖరి ఆట కదా, ఇవాళ మానేసి ఇంట్లోనే చూద్దామా?"

"వద్దు! వెళ్ళు! చర్చి కప్పు కారుతోంది!"

"ఎండ కాస్తోంది కదా."

"రేపు కారుతుంది!"

ఆట అద్భుతంగా సాగింది. ఆఖరి ఇన్నింగ్సు వచ్చింది. కొంగలు ఒక్క పరుగు ముందున్నాయి. అవతలివాళ్ళలో ఒకడు బేసు మీద ఉన్నాడు. ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోతుంది, మీసం దక్కుతుంది. జిగ్గీ మీసం కొసలు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

కెమెరా జనం వైపు తిరిగింది. మూడో బేసు పక్కన, కంచెని ఆనుకుని మొదటి వరసలో, పిండి అంటిన ఏప్రన్లతో ఆడవాళ్ళు బారుగా నిలబడి గంతులేస్తున్నారు. మధ్యలో ఒకావిడ మొహం నిండా కొంగల జట్టు నీలం రంగు పూసుకుని, చిల్లుల గిన్నె మీద గరిటెతో వాయిస్తూ కేకలు పెడుతోంది.

"మన పిరోగీ అమ్మలు!" అన్నాడు వ్యాఖ్యాత. "స్టేడియంలో వీళ్ళు దుకాణం పెట్టినప్పటినుంచీ కొంగలకి ఇక్కడ ఓటమి లేదు!"

జిగ్గీ ఆ గిన్నెని ముందు గుర్తుపట్టాడు. భార్యని తరవాత.

ఇన్నాళ్ళూ ఆటకి దూరంగా పంపించానని మురిసిపోతుంటే, ఆవిడ ఏకంగా ఆట ఒళ్ళో కూర్చుంది! వెంటనే ఫోను చేశాడు.

"ఎక్కడున్నావ్?"

"హాల్లో. పిరోగీలు ఉడుకుతున్నాయ్."

"ఆ హోరేంటి?"

"బాగా ఉడుకుతున్నాయ్."

"బెర్నీ, నువ్వు నాకు టీవీలో కనిపిస్తున్నావ్! మొహానికి ఆ నీలం రంగేంటి?"

టీవీలో బెర్నాడిన్ ఉలిక్కిపడింది. కెమెరా ఎక్కడుందా అని అటూ ఇటూ వెతికి, చెవి దగ్గర ఫోను అలాగే ఉంచుకుని, భర్తకి కనిపించేలా గిన్నె పైకెత్తి ఊపింది.

సరిగ్గా అప్పుడే బ్యాటు అంచుకి తగిలిన బంతి నిటారుగా లేచి స్టాండ్ల వైపు వంగింది. జల్లెడ పరిగెత్తుకొచ్చాడు. ఏడాదంతా బంతి పట్టనివాడు, కంచె మీంచి అంత పొడుగు చెయ్యి చాచి, ఈ ఒక్కటీ పట్టేటట్టే ఉన్నాడు.

టంగ్!

బంతి గిన్నెలో పడింది.

ఫోనులోంచి జిగ్గీ చెవిలో బెర్నాడిన్ కేక వినిపించింది. "జిగ్గీ! బంతి నేనే పట్టాను! చూశావా? ఇది మంచిదేనా?"

జిగ్గీ రెండు చేతులతో మీసం కప్పుకున్నాడు.

కంచెకి జనం వైపు పడ్డ బంతి ప్రేక్షకులదే అన్నాడు అంపైరు. బ్యాటరు బతికిపోయాడు. బతికినవాడు తరవాతి బంతిని సరస్సు దిక్కుగా పంపించాడు. రెండు పరుగులు. ఆ తరవాత బ్యాటింగుకి కొంగల్లో ముగ్గురు వరసగా వచ్చి, వరసగా అవుటై వెళ్ళిపోయారు.

నూరు.

ఆ సాయంత్రం చర్చి హాలు నిండిపోయింది. బెర్నాడిన్ విజయగర్వంతో వస్తుందనుకున్నాడు జిగ్గీ. ఆవిడ ఏడుస్తూ వచ్చింది. నీలం రంగు గడ్డం దాకా కారింది.

"గెలిచేవాళ్ళు జిగ్గీ! నువ్వు ఫోను చెయ్యకపోతే గెలిచేవాళ్ళు!"

"స్టేడియంకి వెళ్తున్నావని నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా? గొడుగిచ్చి గడియ పెట్టావు."

"అయినా నీకు మీసం పోవడమే కదా కావలసింది?"

"మొదటి రోజు కొంగలు ఓడాలనే వెళ్ళాను," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఆ జల్లెడ కుర్రాడు బంతి వదిలేసి, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంటుంటే చూడలేకపోయాను. వాడికో ప్లేటు పిరోగీలు పెట్టాను. ఆ తరవాత నాకు ఎవరి మీసమూ గుర్తులేదు."

జిగ్గీ దీనంగా ఫాదర్ వైపు తిరిగాడు. "ఇంతకీ దేవుడు ఎవరి మాట విన్నట్టు ఫాదర్?"

"ఏప్రిల్లో మీ ఆవిడ చేసిన ప్రార్థన విన్నట్టున్నాడు నాయనా. ఆగస్టులో ఆవిడ మనసు మార్చుకున్న సంగతి ఆయనకి ఇంకా అందినట్టు లేదు."

కుర్చీ వేశారు. సబ్బు నురుగు పూశారు. కొత్త బ్లేడు విప్పారు. కాసేపటికి తువ్వాలుతో తుడుచుకుని జిగ్గీ తలెత్తాడు.

పిరోగీల పెద్దావిడ ఫిలొమీనా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. ఫాదర్ క్లీటస్ అప్రయత్నంగా లేచి నిలబడ్డారు. బెర్నాడిన్ చేతిలో గరిటె జారి కింద పడింది.

"అత్తగారు!" అంది.

మీసం కింద ఇన్నేళ్ళూ దాక్కున్నది సాక్షాత్తూ జిగ్గీ తల్లి స్టెఫానియా పెదవి. బెర్నాడిన్ చేసిన ప్రతి వంటనీ రుచి చూసి, ఏమీ అనకుండా ఒక మూలకి ముడుచుకునే ఆ సన్నటి పెదవి. ఆవిడ పోయి ఏళ్ళయింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని కోడలి వంక చూస్తోంది.

"పెంచు," అంది బెర్నాడిన్.

"ఏంటి?"

"మీసం. ఇప్పటినుంచే. అది వచ్చేదాకా నా వంట తినేటప్పుడు అటు తిరిగి తిను."

ఓడినా గెలిచానని జిగ్గీకి ప్రాణం లేచొచ్చింది. "అయితే వచ్చే ఏడు ఇద్దరం కలిసి స్టేడియంకి వెళ్దాం!"

"నేను వెళ్తాను. నీ చేతికి ఫోనూ, కళ్ళకి ఆటా ఒకేసారి ఇవ్వడం ఊరంతటికీ ప్రమాదం. ఫాదర్‌కి నీ పేరిచ్చాను. నీకు పిరోగీలు చెయ్యడమంటే ప్రాణమనీ, సిగ్గుపడి చెప్పలేకపోతున్నావనీ చెప్పాను."

మరుసటి ఏడు ఏప్రిల్లో మొదటి ఆట రోజు సాయంత్రం బెర్నాడిన్ అతని చేతికి గొడుగిచ్చి తలుపు వేసింది. వెనక గడియ చప్పుడు స్పష్టంగా వినిపించింది.

చర్చి హాల్లో జిగ్గీ మోచేతుల దాకా పిండితో, ఏప్రన్ కట్టుకుని, కొత్త మీసానికి బంగాళాదుంప అంటించుకుని నిలబడ్డాడు. రేడియో పెట్టకూడదని ఇంటావిడ ఆజ్ఞ. కిటికీలోంచి స్టేడియం హోరు తెరలు తెరలుగా వస్తోంది. సంతోషమో, ఏడుపో తెలియడం లేదు.

ఫాదర్ క్లీటస్ చెవిలో చిన్న రేడియో ఇయర్‌ఫోను పెట్టుకుని అటుగా వచ్చారు. జిగ్గీ ఆశగా చూశాడు.

"ఫాదర్, స్కోరెంత?"

ఫాదర్ ఇయర్‌ఫోన్‌ని చేత్తో కప్పేశారు.

"అడక్కు నాయనా. నువ్వడిగితే ఓడతారట."