జ్వరం లేని మా ఆవిడ అదృష్టం

ఈ మహమ్మారి పుణ్యమా అని లోకంలో మిగతా జబ్బులన్నీ నయమైపోయాయి! నమ్మరా? ఏ ఆస్పత్రికైనా వెళ్ళి చూడండి. గుండె, కిడ్నీ, కీళ్ళు అని బోర్డులున్న గదులన్నిటికీ తాళాలే. జబ్బులే ఉంటే తాళాలెందుకు వేస్తారు?

మా వీధి దర్జీకి ఏనాటి నుంచో నడుంనొప్పి. ఓపీ మూశారని తెలియగానే నిటారుగా లేచి నిలబడ్డాడు. ఎదురింటి టీచరమ్మ కంట్లో శుక్లం దానంతటదే రాలి కింద పడితే చీపురుతో ఊడ్చేశారు. నేను చూడలేదనుకోండి. కానీ చెబుతున్నది నేనే కాబట్టి నమ్ముతున్నాను.

ఇక మా ఆవిడ సంగతి. ఆవిడకు చంకలో గడ్డ. క్యాన్సర్ అన్నారు. కీమోతో కరిగించి, ఆపైన కోసి తీసేస్తామన్నారు. కీమో సగంలో ఉండగా ఆస్పత్రి నుంచి ఫోను: "మీది వాయిదా పడిందండీ."

అయినా వెళ్ళాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆవిడ నుదుటికి తుపాకీలాంటి యంత్రం గురిపెట్టాడు.

"జ్వరముందా అమ్మా?"

"లేదు నాయనా, క్యాన్సర్."

"పోనీ, దగ్గు?"

"అదీ లేదు. క్యాన్సర్."

"జ్వరం లేదు, దగ్గు లేదు. బంగారంలా ఉన్నారు! ఇక్కడ తిరిగి లేనిపోని రోగం తెచ్చుకోకండి."

చూశారా? పెద్ద పెద్ద స్కానింగులు తేల్చలేని ఆరోగ్యాన్ని గేటు దగ్గరే తేల్చేశాడు, అదీ ఉచితంగా!

తర్వాత వీడియో వైద్యం. డాక్టరుగారు గడ్డ చూపించమన్నారు. నేను వంగి ఫోను పట్టుకున్నాను. ఆయన చాలాసేపు పరీక్షగా చూసి, "చర్మం నున్నగా ఉంది, ఎరుపు లేదు, భేష్! నెల తర్వాత చూద్దాం" అన్నారు. ఫోను పెట్టేశాక మా ఆవిడ చెప్పింది, ఆయన చూసింది నా బట్టతలనట. ఏ మాటకామాటే, నా తలకు ఇంత మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

నిన్న పొద్దున చూస్తే ఆవిడ నుదుటి మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూర్చుంది.

"ఏం చేస్తున్నావే?"

"జ్వరం తెచ్చుకుంటున్నానండీ. అప్పుడైనా లోపలికి రానిస్తారేమో."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి తీసుకుని చంకలో పెట్టుకుంది. మొదట్లో రేగుపండంత ఉండేది. కీమోకు శనగగింజంత అయింది. ఇప్పుడు నిమ్మకాయంత.

అయ్యా, అన్నీ వాయిదా వేశారు, బాగుంది. ఆ గడ్డకు మాత్రం ఎవరూ కబురు పెట్టినట్టు లేదు. మాకు చేసినట్టే, దానికీ ఒక ఫోను చేసి చెబుదురూ!