గుల్లలకు తెల్ల ఇసుక

సలూమ్ నది సముద్రంలో కలిసేచోట గుల్లలు బురదలో బతుకుతున్నాయన్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్ళకు కూడా అవి ఆ దుర్గంధంలో మగ్గడం దేశానికే తలవంపులని భావించి, అన్సూమానా బాజీ గారిని సముద్రగర్భ సుందరీకరణాధికారిగా నియమించారు. ఆయన బాగా చదువుకున్నవాడు. బురదలో కాలు పెట్టకుండానే బురద గురించి నూటపది పేజీలు రాశాడు.

ఆ బురదమేట గుల్లలేరుకుని బతికే సీగాది, అంటే ఊరి ఆడవాళ్ళందరిదీ. గుల్లలు ఎదగాలని ఏడాదిన్నరగా దానిమీద అడుగు పెట్టకుండా, కడుపు కట్టుకుని కూర్చున్నారు. వచ్చే నెలలో ఏరుకోవడానికి తెరవాలి. మడమతో నొక్కి చూసి కింద గుల్ల ఉందో లేదో సీగా చెప్పేస్తుంది. ఆ విద్యకు పట్టా లేదు కనుక, పథకం ప్రకటించడానికి ఊళ్ళో పెట్టిన సభలో ఆమెను వెనక చాపమీద కూర్చోబెట్టారు.

“సోదరీమణులారా! నాలుగు వందల లారీల తెల్ల ఇసుక వస్తోంది. మీ గుల్లలు ఇక రాజుల్లా బతుకుతాయి!” అన్నారు బాజీ గారు.

సీగా లేచింది. “ఒరే జోలా, అన్నం మెక్కడం తప్ప నీకేం తెలుసురా? గుల్ల తిండి ఆ బురదలోనే ఉంది. పైన ఇసుక పోస్తే ఊపిరాడక చస్తాయి. పక్కనున్న ఇసుకదిబ్బ చూశావా? పీతలు పరిగెడతాయి గానీ గుల్ల ఒక్కటైనా ఉందా?”

సభ గొల్లుమంది. సీగా సెరేరు, బాజీ గారు జోలా. ఆ రెండు జాతులకూ తాతలనాటి పరాచికాల చుట్టరికం. ఆమె ఎంత తిట్టినా ఆయన నవ్వాలి. కోపగించుకుంటే మర్యాద కాదు, నిజమనుకుంటే అసలే కాదు. ఆయన మహా మర్యాదస్తుడు.

“ఓసి సజ్జసంకటి మొహమా! నీకోసం ఇంకో వంద లారీలు తెప్పిస్తా!” అన్నాడు. తెప్పించాడు కూడా. మహిళలు సంప్రదాయ హాస్యంతో పథకాన్ని ఆహ్వానించారని నివేదికలో రాసుకున్నారు.

ఇసుక పడిన మూడు వారాలకు సీగా మోకాలి లోతు తవ్వి చూసింది. గుల్లలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఏడాదిన్నర ఓర్పు అలా కుళ్ళిపోయి కనిపించేసరికి అక్కడే కూలబడి ఏడ్చింది. కంపు ఊరంతా కమ్ముకుంది. అది గుల్లల సంతోషం వల్ల వస్తున్నదేమో పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. పక్క ఊరి బురదలోంచి తెప్పించిన గుల్లలతో అన్నం వండి పెట్టారు. “ఆహా, ఇసుక గుల్లల రుచే వేరు!” అంటూ ఆయన మారు వడ్డించుకున్నారు.

సీగా చచ్చిన గుల్లల బుట్ట తెచ్చి మంత్రిగారి ముందే కుమ్మరించింది. “ఇవిగోరా జోలా, నీ రాజులు! నా పిల్లలకేం పెట్టమంటావు, ఇసుకా?”

బాజీ గారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. చుట్టరికం సంగతి చెవిలో చెబితే మంత్రిగారూ నవ్వారు. ఆడవాళ్ళు తప్ప అందరూ నవ్వారు.

బాజీ గారిది తాతలనాటి చుట్టరికం, నవ్వక తప్పదు. ఏ చుట్టరికమూ లేని మనం ఇందాకటి నుంచీ ఎందుకు నవ్వుతున్నట్టు?