నారింజ తొట్టికి అఖండ మెజారిటీ

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నగరంలోని ప్రతి కుళాయిలోనూ నారింజపండు వాసన వచ్చే నీళ్ళు ప్రవహిస్తాయని నీటి సరఫరా మంత్రిగారు ప్రకటించినప్పుడు, సభలో చప్పట్లు మోగడానికి కాస్త ఆలస్యమైంది. జనం నమ్మలేక కాదు. ముందువరసలో వాళ్ళు అప్పుడే మంచినీళ్ళు తాగి ముక్కులు మూసుకుని ఉన్నారు. చేతులు ఖాళీ లేవు.

నీళ్ళు కంపు కొడుతున్నాయని ఊరు ఊరంతా గగ్గోలు పెడుతున్న మాట నిజమే. గొట్టాలన్నీ తవ్వి మార్చాలని ఇంజనీర్లు అన్నారు. మంత్రిగారు అంత దూరం వెళ్ళే మనిషి కాదు.

"కంపు ఎక్కడ తెలుస్తోంది? ముక్కులో. మరి ముక్కుకి వైద్యం చెయ్యకుండా గొట్టానికి చేస్తానంటారేమిటయ్యా?" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఐస్‌క్రీముల్లో కలిపే నారింజ ఎసెన్సుని పెద్ద ట్యాంకులో కలిపితే కంపు పోయి కమ్మదనం వస్తుంది. పథకానికి 'సుగంధ జలధార' అని పేరు పెట్టారు. పేరు బాగుందని పథకాన్ని ఆమోదించారు.

ఒక్కటే అడ్డం వచ్చింది. ఊళ్ళో వాడిన నీరంతా చివరికి చెరువులో కలుస్తుంది. చెరువులో కలిసే ఏ రసాయనాన్నయినా ముందు మంచినీటి చేపల మీద నాలుగు రోజులు పరీక్షించి తీరాలని చట్టం. చేపలు బతికితేనే పథకం బతుకుతుంది.

"చేపల్ని మేనేజ్ చెయ్యగల మొనగాడు మనలో ఎవరున్నారు?" అని మంత్రిగారు అడిగారు.

గదిలో ఉన్న తలలన్నీ ఒకే మనిషి వైపు తిరిగాయి.

ఆయన అసలు పేరు పార్టీలో ఎవరికీ తెలీదు. అందరూ 'మెజారిటీ' అనే పిలుస్తారు. మూడు వందల ఓట్లున్న వీధిలో నాలుగు వందల మెజారిటీ తెచ్చిన ఘనుడు. అంతటివాడికి కూడా ఇన్నేళ్ళలో ఒక్క పదవీ రాలేదు. చెరువుల కార్పొరేషన్ ఛైర్మన్ కుర్చీ మీద ఆయనకి మనసు. వరసగా వచ్చిన ముగ్గురు మంత్రులూ "ఈసారి నీదే" అన్నారు. మొదటిసారి అన్నప్పుడు చేయించుకున్న నేమ్‌బోర్డుని ఆయన భార్య ఇప్పుడు నీళ్ళ బిందె మీద మూతగా వాడుతోంది.

"తమ్ముడూ, చేపలు మనవైపు ఉండాలి. ఉన్నాయా, కుర్చీ నీది," అన్నారు మంత్రిగారు.

"ఉంటాయన్నా. ఎక్కడికి పోతాయి? నీళ్ళలోనే కదా ఉండేది," అన్నాడు మెజారిటీ.

మర్నాడు ఉదయం ఇద్దరు అనుచరుల్ని వెంటేసుకుని ప్రయోగశాలలో దిగాడు. పొడుగాటి గది. బల్ల మీద పక్కపక్కనే రెండు గాజు తొట్లు. రెండింట్లోనూ సన్నటి గొట్టాల్లోంచి గాలి బుడగలు లేస్తున్నాయి. పరీక్ష చేసే సైంటిస్టు నడివయసు ఆవిడ. రాత్రి ఇంట్లో కుళాయి రాలేదేమో, మొహం చిరచిరలాడుతోంది.

"కుడి తొట్టిలో ఊరి నీళ్ళు, పది చేపలు, ఎసెన్సు. ఎడమ తొట్టిలో ఊరి నీళ్ళు, పది చేపలు. అంతే," అంది.

"అంటే కుడిది మనది."

"రెండూ మనవేనండీ."

మెజారిటీ జాలిగా నవ్వాడు. పాపం, చదువుకున్న మనిషి. రాజకీయం తెలీదు.

"మరి ఎడమదాన్ని ఎందుకు నిలబెట్టారమ్మా?"

"పోల్చి చూడ్డానికి. అది లేకపోతే దీని ఫలితానికి విలువుండదు."

"అదీ నిజమే. ఏకగ్రీవం అయితే పేపరువాళ్ళు లోపలి పేజీలో వేస్తారు."

ఆవిడ ఆయన్ని ఓసారి ఎగాదిగా చూసి, కుర్చీ చూపించింది. మెజారిటీ కూర్చోలేదు. పోటీలో ఉన్న ప్రాంతాన్ని క్షుణ్ణంగా తెలుసుకోవడం ఆయన అలవాటు.

"వీళ్ళకి భోజనాల ఏర్పాటు?"

"పరీక్ష అయ్యేదాకా మేత వెయ్యకూడదు."

"పోలింగ్ ముందు పస్తులా? ఎవరేస్తారమ్మా ఓటు!" అని ఆయన నొచ్చుకున్నాడు. "సరే, చచ్చిందీ లేనిదీ ఎలా తేలుస్తారు?"

"మొప్పలు ఆడవు. తోక దగ్గర గాజు కడ్డీతో తాకినా కదలదు. దాన్ని లెక్కలోంచి తీసేస్తాం."

"తీసెయ్యడమెందుకు? మా వీధిలో అలాంటివాళ్ళు ఇరవై మంది ప్రతిసారీ ఓటేస్తున్నారు."

సైంటిస్టు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చూడండి, నేను బావి నీళ్ళు కావాలన్నాను. ఊరి నీళ్ళే వాడాలని మీ మంత్రిగారి ఆఫీసు పట్టుబట్టింది. బ్లీచింగు ఘాటు పోయేదాకా నిలవబెట్టి, గాలి కొట్టి మరీ పోశాను. ఇక వాటి అదృష్టం."

"మన నీళ్ళని మనమే నమ్మకపోతే ఎలాగమ్మా?" అన్నాడు మెజారిటీ, తన సీసాలోంచి ఓ గుక్క తాగుతూ. అది కొన్న నీళ్ళ సీసా.

మధ్యాహ్నానికి పరిస్థితి విషమించింది. రెండు తొట్లలోనూ చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. పదవి కోసం ఎదురుచూసే కార్యకర్తల్లాగే ఉన్నాయి. ప్రత్యర్థి తొట్టి సంగతి మెజారిటీకి అనవసరం. కానీ మన తొట్టిలో ఒక చేప పక్కకి ఒరిగిపోతోంది. ఆయన కంటికి అది చేప కాదు, కుర్చీ కాలు.

సైంటిస్టు భోజనానికి వెళ్ళింది. ఇలాంటి ఘడియల్లోనే నాయకుడు పుడతాడు.

"ఒరే, ఎదురు షాపులో నీళ్ళ డబ్బాలు ఎన్నుంటే అన్నీ పట్రండి!"

తలుపు గడియ పడింది. మన తొట్టిలోని ఊరి నీళ్ళు సింకులోకి పోయాయి. సీలు తీసిన డబ్బాల నీళ్ళు తొట్టిలోకి వచ్చాయి. మెజారిటీ కొంగజపం చేసే మనిషి కాదు, నియమం అంటే నియమమే. ఎసెన్సు సీసా తీసి తన చేత్తో తనే వాసనకి సరిపడా పోశాడు. కాసేపటికి మన చేపలు సర్దుకున్నాయి, ఒరిగిన చేప నిటారైంది.

"మరి ఆ తొట్టికి కూడా పోద్దామా అన్నా? రెండు డబ్బాలు మిగిలాయి," అన్నాడు ఒక అనుచరుడు.

మెజారిటీ వాణ్ణి కొట్టబోయి ఆగాడు.

"నీకు బుద్ధుందా? ప్రత్యర్థికి మన డబ్బాలు పోస్తావురా? ఏ పార్టీరా నీది?"

మర్నాడు పొద్దున్నే ఫలితం వచ్చింది. ఎడమ తొట్టిలో పదీ వెల్లకిలా తేలుతున్నాయి. కుడి తొట్టిలో పదీ ఈదుతున్నాయి. రాజకీయ జీవితంలో ఇంత శుభ్రమైన గెలుపు మెజారిటీ చూడలేదు. వెంటనే మంత్రిగారికి ఫోన్ కొట్టాడు.

"అన్నా! పది–సున్నా! అవతలివాడికి డిపాజిట్ గల్లంతు!"

"నాలుగు రోజులన్నారుగా?"

"మొదటి రౌండులోనే తేలిపోయిందన్నా. ప్రెస్సుని వెంటబెట్టుకుని వచ్చెయ్యండి."

సైంటిస్టు వచ్చేసరికి ప్రయోగశాల ముందు బ్యాండు మోగుతోంది. కుడి తొట్టికి పూలదండ వేసి ఉంది. ఎడమ తొట్టిని చూసి ఆవిడ బల్ల పట్టుకుని నిలబడిపోయింది.

"పరీక్ష రద్దండీ," అంది.

"గెలిచాక రద్దేమిటమ్మా? కోర్టుకెళ్తాం!"

"ఎవరు గెలిచారు? మామూలు నీళ్ళలో చేపలు బతకాలి. అవే చచ్చాయంటే తప్పు నీళ్ళలోనే ఉంది. ఇక ఎసెన్సు మంచిదో చెడ్డదో ఎలా చెప్పను? అసలు ఈ పరీక్ష నిలవాలంటే ముందు బతకాల్సింది ఎడమ తొట్టి."

మెజారిటీకి విషయం మెల్లగా ఎక్కింది. ఎక్కుతున్నకొద్దీ మొహంలో రంగు దిగింది.

"అంటే... నేను గెలిపించాల్సింది ప్రత్యర్థినా?"

"ఇద్దర్నీ."

"ఇద్దరూ గెలిచే ఎన్నిక ఎక్కడైనా ఉందా తల్లీ! ఆ ముక్క నిన్ననే చెప్పొద్దూ?"

"నిన్న చెప్పాను. మీరు ఏకగ్రీవం అన్నారు."

ఆయన గబగబా ఆలోచించాడు. ఎడమ తొట్టికి రీపోలింగు పెడితే? కొత్త చేపలు కావాలి. బజారులో దొరికేవి అప్పటికే ముక్కలై ఉంటాయి. పోనీ, రెండు తొట్లూ అటూ ఇటూ మార్చేస్తే? అప్పుడు ఎసెన్సు తొట్టి ఓడిపోతుంది. ఇంతలో బయట బ్యాండు ఒక్కసారిగా జోరందుకుంది. మంత్రిగారి కారు ఆగింది.

మంత్రిగారు చేతులు ఊపుకుంటూ వచ్చారు. వెనకే కెమెరాలు. ముందున్న విలేఖరి తిన్నగా తొట్ల దగ్గరికే వెళ్ళాడు.

"చచ్చినవి ఏ నీళ్ళలో మేడమ్?"

మెజారిటీ సైంటిస్టు వైపు దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఆవిడ అటు చూడలేదు.

"ఊరి నీళ్ళలో. మన కుళాయిల్లో వచ్చే మామూలు నీళ్ళే," అంది.

బ్యాండు ఆగిపోయింది. కెమెరాలన్నీ నీటి సరఫరా మంత్రిగారి మీదికి తిరిగాయి. మెజారిటీ నీళ్ళు నములుతూ గోడకి అతుక్కుపోయాడు. కుర్చీ కళ్ళముందే నాలుగు కాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళిపోతోంది.

మంత్రిగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి వాటిలో తడి ఉంది.

"చూశారా! కళ్ళారా చూడండి! ఈ ఎడమ తొట్టి ఎవరిది? గత ప్రభుత్వానిది. వాళ్ళు మనకి వదిలిపోయిన నీళ్ళు ఇవి. ఈ కుడి తొట్టి మనది. అవే నీళ్ళు, మన ఎసెన్సు పడేసరికి ఒక్క ప్రాణం పోలేదు! ఇది ఎసెన్సు కాదు, సంజీవని!"

"గత ప్రభుత్వం దిగిపోయి అయిదో ఏడు నడుస్తోంది కదండీ?" అన్నాడు విలేఖరి.

"మరి ఊళ్ళో గొట్టాలు ఎంత పొడుగనుకున్నారు? నీళ్ళు నెమ్మదిగా వస్తాయి."

చప్పట్లు మోగాయి. గోడకి అతుక్కున్న మెజారిటీ ఊడి కిందపడకుండా నిలదొక్కుకున్నాడు. తను మొదట్నించీ అన్నది ఇదే కదా. కుడిది మనది, ఎడమది వాళ్ళది. మహానుభావుల ఆలోచనలు ఎక్కడున్నా కలుస్తాయి.

"అయితే ఆ సంజీవని ఒక గ్లాసు తాగి చూపించండి సార్," అన్నాడు విలేఖరి.

మంత్రిగారి నవ్వు అలాగే ఉంది కానీ, కళ్ళు మాత్రం గదంతా వెతికాయి. మెజారిటీ ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. ఆ తొట్టిలో ఉన్నవి డబ్బా నీళ్ళని భూమ్మీద తెలిసింది తనకీ, తన ఇద్దరు అనుచరులకీ.

"అన్నకెందుకండీ శ్రమ? నేను తాగుతాను!"

మంత్రిగారు ఆయన్ని గుండెలకి హత్తుకున్నారు. "చూశారా ఈ త్యాగం! ఇలాంటివాణ్ణి ఇన్నాళ్ళు ఖాళీగా ఉంచాం. చెరువుల కార్పొరేషన్ ఛైర్మన్‌గా నా తమ్ముణ్ణి ఈ క్షణమే నియమిస్తున్నాను! రోజుకో వీధిలో, జనం కళ్ళెదుట, కుళాయి కింద ఒక గ్లాసు సుగంధ జలం తాగడం ఛైర్మన్ గారి మొదటి విధి!"

మెజారిటీ చెవుల్లో 'ఛైర్మన్' దగ్గరే బ్యాండు మొదలైంది, తర్వాతి వాక్యం సరిగ్గా వినపడలేదు. గ్లాసు తీసుకుని కుడి తొట్టిలో ముంచబోయాడు.

"ఆగాగు!" మంత్రిగారు చెయ్యి పట్టుకున్నారు. "చేపల ఎంగిలి నా ఛైర్మన్ తాగడమా? ఛీ! అమ్మా, కుళాయిలోంచి తాజాగా పట్టండి. రెండు చుక్కలు ఎక్కువే వెయ్యండి."

సైంటిస్టు కుళాయి తిప్పింది. అది రెండుసార్లు దగ్గి, ఒకసారి ఉమ్మి, ధార కట్టింది. ఎసెన్సు చుక్కలు వేసి ఆవిడ గ్లాసు తెచ్చింది. అందిస్తూ గొంతు తగ్గించింది.

"వరండాలో ఖాళీ డబ్బాలు చూశాను. ఆ తొట్టిలో పోసింది ఏ నీళ్ళో మీరు ఒక్క మాట చెప్పండి. గ్లాసు వెనక్కి తీసుకుంటాను."

మెజారిటీ గ్లాసు వైపు చూశాడు. నారింజ వాసన గుప్పుమంటోంది. దాని అడుగున ఇంకేదో వాసన నక్కి ఉంది. చెప్పేస్తే గ్లాసు పోతుంది. గ్లాసు పోతే కుర్చీ పోతుంది. నోరు తెరిచాడు.

జేబులో ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, టీవీలో చూస్తున్నాను. ఛైర్మన్ అని కింద అక్షరాలు కూడా వేస్తున్నారు! ఆ గ్లాసు కాస్త పక్కకి పట్టుకోండి, మొహానికి అడ్డమొస్తోంది."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, గ్లాసు కాస్త పక్కకి పట్టుకున్నాడు. ఎడమ తొట్టి వైపు కళ్ళు తిప్పకుండా, మంత్రిగారి చెవి దగ్గరికి వంగాడు.

"అన్నా, పదవీకాలం ఎంత?"

మంత్రిగారు కెమెరాల వైపు చెయ్యి ఊపుతూనే, ఆప్యాయంగా భుజం తట్టారు.

"నువ్వున్నంత కాలం, తమ్ముడూ."

ఛైర్మన్ గారు గ్లాసు ఎత్తారు.