కూర్మమ్మ రక్తం, సారు శాలువా

పరిశోధనా రంగంలో మన జిల్లా ముందడుగు వేసిందని పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇక్కడి ఒక వైద్య కళాశాలలో ప్రతి విద్యార్థికీ ఒక గైడును కేటాయించారు.

డాక్టర్ నగరేశ్వరరావు గారి కాపురం విశాఖలో, కొలువు శ్రీకాకుళంలో. ఉదయం రైలు దిగి, హాజరు యంత్రం మీద వేలు పెట్టి, మధ్యాహ్నం రైలెక్కుతారు. అందువల్ల రెండో సంవత్సరం విద్యార్థిని అనూరాధకు ఆయన మార్గదర్శనం ఆమదాలవలస స్టేషన్లో జరిగేది. రైలు ఆలస్యమైన రోజుల్లో ఆమె బాగా నేర్చుకుంది.

అంశం, ఉప్పుమడుల్లో పనిచేసేవారి కిడ్నీలు. సారు ఆ మడులున్న నౌపడ రాలేదు. అక్కడ ఎండ ఉంటుందని ఇదివరకే రుజువైంది. అనూరాధే ల్యాబు మనిషిని తీసుకెళ్ళి రక్తం తీయించింది.

ఉప్పు తీసే కూర్మమ్మ చెయ్యి చాపింది. "తియ్యి పాపా. కాళ్ళు ఉబ్బిపోతన్నాయి. నాకేటున్నాదో సెప్పు, సాలు."

"చెప్తానమ్మా" అంది అనూరాధ. అది పరిశోధనకు విరుద్ధమని ఆమెకింకా తెలియదు.

ఫలితం వచ్చాక స్టేషన్‌కు పరుగెత్తింది.

"సార్, కూర్మమ్మ కిడ్నీలు పాడయ్యాయి. చెప్పేద్దామా?"

"కూర్మమ్మ ఎవరమ్మా? మనకు నంబర్లే ఉంటాయి. పేరు పలికితే గోప్యత పోతుంది."

"ఆరు నెలలకి మళ్ళీ రక్తం తీయాలి కదా సార్. అప్పటికి ముదిరిపోతే?"

"ముదరాలనే కదా ఆగేది! ఇప్పుడు చెబితే మందులు మింగుతుంది. మన డేటా ఏం కావాలి? వ్యాసంలో నీ పేరు కావాలా, వద్దా?"

రైలొచ్చింది. మార్గదర్శనం ముగిసింది. అనూరాధకు వ్యాసంలో పేరు కావాలి.

ఆరు నెలలు గడిచాయి. రెండోసారీ రక్తం తీశారు. వ్యాసం అచ్చయింది. మొదటి పేరు సారుది. రెండోది విభాగాధిపతిది. మూడోది సారు అబ్బాయిది. ఆ అబ్బాయిగారు ఒకసారి నౌపడ మీదుగా రైల్లో వెళ్ళారు. చివర అనూరాధ. కూర్మమ్మ గోప్యతను పూర్తిగా కాపాడారు, ఆమె జబ్బు ఆమెకు కూడా తెలియకుండా.

ఎచ్చెర్లలో సారుకు సన్మానం జరిగింది. "ఈ పరిశోధన ఉప్పు కార్మికుల పాదాలకు అంకితం" అన్నారు సారు. రైలు వేళ కావడంతో మిగతా కృతజ్ఞతలు చెప్పలేకపోయారు.

పేపర్లో సన్మానం ఫోటో పడింది. చివర అనూరాధ కూడా ఉంది. కూర్మమ్మ ఉబ్బిన కాళ్ళు బారజాపుకుని కోడలి చేత చదివించుకుంది.

"ఒసే ఉషా, ఈ పాపే నా రత్తం తీయించింది. సెప్తానంది. సూడు, నాకేటున్నాదో ఇందులో రాసీసుంటారు."

ఉష వార్తంతా చదివింది. వేదిక మీదివారి పేర్లు, శాలువా రంగు, భోజనంలో వడ్డించిన మిఠాయి ఉన్నాయి.

"నీ ఊసు నేదత్తా."

కూర్మమ్మ ఫోటో వంక చాలాసేపు చూసింది. "ఇంతమంది నవ్వుతన్నారంటే నాకేటీ నేదన్నమాటే" అని, మర్నాడు మడిలోకి దిగింది.

ఆ ఫోటో మనమూ చూశాం. మనకూ అలాగే అనిపించింది.