మంత్రిగారు కొట్టిన గోల్

"ఫుట్‌బాల్‌ను ప్రజల కాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాం" అని మంత్రిగారు ప్రకటించారు. అంతవరకూ అది ఎక్కడుందో ఆయన చెప్పలేదు, అడిగే తీరిక ఏ విలేకరికీ లేకపోయింది. పేటలో ఉన్న ఒకే ఒక్క గ్రౌండుకు ఆదివారం స్వయంగా విచ్చేసి, మ్యాచ్ ఆసాంతం చూసి, పేట జట్టు గెలిస్తే అక్కడే స్టేడియం, ఓడితే లారీల పార్కింగ్ అని కూడా సెలవిచ్చారు. ఇంత సూటిగా పాలసీ చెప్పిన మంత్రి ఈమధ్య కాలంలో లేడని పత్రికలు మెచ్చుకున్నాయి.

ఆ వార్త చదవగానే జెరాక్స్ షాపాయన గుండె జారిపోయింది. పేట జట్టు సంగతి ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. జట్టు పెట్టి ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళూ గీత అవతల నిలబడి ఆట చూసిన ప్రేక్షకుడు ఆయనొక్కడే. ఆయనైనా ఆటమీద మోజుతో వెళ్ళినవాడు కాదు. గోల్‌కీపరు ఆయన బావమరిది.

బావమరిది బస్సు కండక్టరు. వారమంతా చిల్లర దగ్గర జనం చేత తిట్లు తింటాడు. ఆదివారం పొద్దున ఆ పెద్ద గ్లవ్స్ తొడుక్కున్నాడంటే మాత్రం వేరే మనిషి, నడకే మారిపోతుంది. కిక్కిరిసిన బస్సులో టికెట్టు లేనివాణ్ణి మెడ చూసి పట్టేసే ఆ కళ్ళకి, ఎదురుగా వచ్చే బంతి మాత్రం ఆనదు. మొదట్లో ఒకసారి వరసగా గోల్స్ పడేసరికి, గ్లవ్స్ మంచం కింద పారేసి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు. అప్పుడు అక్కగారు మొగుణ్ణి పక్కకి పిలిచింది.

"ఏమండీ, వాడసలే మెత్తటివాడు. మీరు వెళ్ళి, గోల్ పడ్డప్పుడల్లా చప్పట్లు కొట్టి రండి. పడితే పడింది, మనవాళ్ళున్నారన్న ధైర్యం ఉంటుంది."

అప్పట్నుంచీ అదే పద్ధతి. గోల్ పడుతుంది, కండక్టరు బావవైపు చూస్తాడు, బావ చప్పట్లు కొడతాడు, కండక్టరు తేరుకుని బంతి తెచ్చి లోపలికి విసురుతాడు. చప్పట్లు కొట్టీ కొట్టీ జెరాక్స్ షాపాయన అరచేతులు మొద్దుబారిపోయాయి. ఇప్పుడా గ్రౌండు పోతే వాడేమైపోతాడా అని ఆయనకి నిజంగానే దిగులు పట్టుకుంది. ఆ పిచ్చివాడికి ఉన్నదే ఆ ఒక్క సంతోషం.

శుక్రవారంనాడు మంత్రిగారి పీఏ షాపుకి వచ్చాడు.

"ఈ జట్టు ఆట చూసేది మీరొక్కరేనట కదా?"

"అవునండీ."

"అయితే నిపుణులు మీరే. ఎంతకాలంగా చూస్తున్నారు?"

"ఆరేళ్ళండీ."

"ఎన్ని మ్యాచులు గెలిచారు?"

"ఇంకా మొదలుపెట్టలేదండీ."

'అపారమైన అవకాశాలున్న జట్టు' అని పీఏ ఫోన్లో ఎక్కించుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు విషయం చెప్పాడు. సారుకి తెలియని సబ్జెక్టు లేదు, ఫుట్‌బాల్ ఒక్కటే టైం దొరక్క మిగిలిపోయింది. ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియకపోతే పరువు పోతుంది. పోయిన నెల ఈత పోటీల్లో ఒకడు మునిగిపోతుంటే సారు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. "మనిషిని బయటికి లాగాం గానీ, ఆ ఫోటో బయటికి రాకుండా ఆపలేకపోయాం" అన్నాడు పీఏ బాధగా. "అంచేత మీరు మా వెనక కుర్చీలో కూచోండి. మంచి ఆట కనిపిస్తే చప్పట్లు కొట్టండి. మిమ్మల్ని చూసి నేను, నన్ను చూసి సారు, సారుని చూసి జనం."

ఆదివారం గ్రౌండు పెళ్ళివారిల్లులా ఉంది. స్టేజీ వేశారు, మైకులు కట్టారు, ఫుట్‌బాల్ అభిమానులను బస్సుల్లో తీసుకొచ్చి దింపారు. ఎవరికి అభిమానులో వాళ్ళకింకా చెప్పలేదు. స్టేజీ వెనక వ్యాన్‌లో రెండు శిలాఫలకాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాని మీద స్టేడియం అనీ, ఇంకోదాని మీద లారీ పార్కింగ్ అనీ చిన్న అక్షరాలతో ఉంది. మంత్రిగారి పేరు మాత్రం రెండిటి మీదా ఒకే సైజులో, దూరానికి కూడా కనిపించేట్టు చెక్కారు. జెరాక్స్ షాపాయన ఆ రెండో రాయిని చూసి, వచ్చి తన కుర్చీలో కూలబడ్డాడు.

ఎదుటి జట్టు ఐస్‌ఫ్యాక్టరీవాళ్ళు. రోజూ మంచుదిమ్మలు మోసే మనుషులు. ఈవేళ ఏమైనా సరే చేతులు కదపకూడదని జెరాక్స్ షాపాయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నాడు. ఆట మొదలైన కాసేపటికే వాళ్ళ కెప్టెన్ కొట్టిన బంతి కండక్టరు చంక కిందనుంచి వలలో పడింది. కండక్టరు తలెత్తి బావవైపు చూశాడు. ఇంతమంది జనం, ఇన్ని మైకులు, ఇంత అవమానం అన్నట్టు బిక్కమొహం వేసుకుని చూశాడు. బావ తట్టుకోలేకపోయాడు. చేతులు వాటంతటవే బయటికొచ్చి కొట్టేశాయి.

పీఏ కొట్టాడు. మంత్రిగారు కొట్టారు. మంత్రిగారు కొట్టారు కాబట్టి ఆఫీసర్లు లేచి కొట్టారు, బస్సుల్లో వచ్చినవాళ్ళు ఈలలు కూడా వేశారు.

"మనవాళ్ళేనా?" అన్నారు మంత్రిగారు వెనక్కి తిరిగి. పీఏ ఇంకా వెనక్కి తిరిగాడు.

నిజం చెప్పేద్దామని జెరాక్స్ షాపాయన నోరు తెరిచాడు. అంతలో వ్యాన్ కంటపడింది.

"గోల్ పడిందండీ" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

అక్కడ కండక్టరు పరిస్థితి వేరు. జన్మలో ఇంతమంది తనకోసం చప్పట్లు కొట్టింది లేదు. కళ్ళు చెమర్చాయి. జనానికి చెయ్యెత్తి అభివాదం చేస్తుండగా ఇంకో గోల్ పడింది. ఈసారి బావ తడుముకోకుండా కొట్టాడు. గ్రౌండు నిలబెట్టే మార్గం అదొక్కటేనని ఆయనకప్పటికి బోధపడింది. ఆ తర్వాత పడ్డ ప్రతి గోల్‌కీ ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి కొట్టాడు.

సగం ఆట అయ్యాక జట్లు దిక్కులు మార్చుకున్నాయి. మంత్రిగారు ఉలిక్కిపడ్డారు.

"ఇదేమిటయ్యా? మనవాళ్ళు అటువైపు వెళ్ళిపోయారు!"

"రూలే సార్" అన్నాడు పీఏ, వెనక్కి తిరిగి కనుక్కుని. " సగం టైం అవగానే అందరూ అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు మారిపోవాలి."

"ఎవరూ రాజీనామా చెయ్యక్కర్లేదా?"

"అక్కర్లేదు సార్."

"గొప్ప ఆటయ్యా" అన్నారు మంత్రిగారు మనస్ఫూర్తిగా. ఆ క్షణం నుంచీ ఆయనకి ఫుట్‌బాల్ అంటే నిజమైన గౌరవం ఏర్పడింది.

ఆట ఏడు సున్నాతో ముగిసింది. ఏడు ఎవరిదని మంత్రిగారు అడగలేదు. షీల్డు కండక్టరుకి ఇస్తూ, మైకులో కారణం కూడా చెప్పారు. "బంతి ఆ వలలో పడ్డప్పుడల్లా మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ వల ముందు ఎండలో నిలబడి కష్టపడింది ఎవరు? ఇతనే! మిగతావాళ్ళు ఊరికే అటూ ఇటూ పరిగెత్తారు."

ఐస్‌ఫ్యాక్టరీ కెప్టెన్ స్టేజీ ఎక్కాడు. "సార్, గోల్స్ కొట్టింది మేం సార్."

మంత్రిగారు అతని భుజం తట్టారు. పీఏ అతని చెవి దగ్గరికి వంగి, "మీ ఫ్యాక్టరీ లైసెన్సు రెన్యూవల్ ఎప్పుడు?" అని ఆప్యాయంగా అడిగాడు.

"రెండో బహుమతి ఎటువైపు తీసుకోవాలండీ?" అన్నాడు కెప్టెన్.

ఫోటో కోసం మంత్రిగారు గోల్ ముందు, కాస్త పక్కగా నిలబడ్డారు. ఆయన నిలబడ్డచోటే స్టేడియం రాయి పాతారు, సిమెంటు పోశారు, ముప్పైవేల మంది కూచుంటారని ప్రకటించారు. రెండో రాయి వ్యాన్‌లోనే వెనక్కి వెళ్ళింది. ఆ రాత్రి కండక్టరు షీల్డు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. "గట్టిగా ఉంటుందిరా, తీసెయ్" అన్నా వినలేదు. అక్కగారు మొగుడి చేతులకి కొబ్బరినూనె రాసింది.

తర్వాత వానలొచ్చాయి, వెళ్ళాయి. స్టేడియం రాలేదు. మంత్రిగారి పేరున్న రాయిని కదపడం ఎవరి తరమూ కాదు కాబట్టి, జట్లు దాని చుట్టూ తిరిగి ఆడటం నేర్చుకున్నాయి. పేటవాళ్ళు ఎప్పటిలాగే ఓడారు, ఎప్పటిలాగే బావ చప్పట్లు కొట్టాడు.

ఒక ఆదివారం, మళ్ళీ ఐస్‌ఫ్యాక్టరీతోనే ఆట. పేట జట్టులో ఆడే పాలవాడు గోల్‌వైపు బంతి తన్నాడు. అది ఎప్పటిలాగే పక్కకి పోతూ, రాయి మీద సరిగ్గా మంత్రిగారి పేరుకి తగిలి, తిరిగి వలలో పడింది. ఆరేళ్ళ తర్వాత పేట జట్టుకి మొదటి గోల్. ఆ చివర్నుంచి కండక్టరు గ్లవ్స్ గాల్లోకి విసిరి, "బావా, చూస్తావేంటి, కొట్టు!" అని అరిచాడు. సొంత జట్టు గోల్ కొడితే ఏం చెయ్యాలో తెలియక బావ కాసేపు అలాగే నిలబడిపోయాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని కొట్టాడు.

"చెల్లదు! రాయి బయటి వస్తువు" అన్నాడు ఐస్‌ఫ్యాక్టరీ కెప్టెన్.

"బయటిది ఎలా అవుతుంది? స్టేడియంలో భాగం" అన్నాడు రిఫరీ.

"స్టేడియం ఏదీ?"

"ఇదే" అని రిఫరీ రాయిని చూపించాడు. గోల్ కొట్టిందెవరని ప్రశ్న వచ్చినప్పుడు ఆయన రాయి మీదున్న పేరే రాసుకున్నాడు.

మర్నాడు పత్రికల్లో 'క్రీడారంగంలో మంత్రిగారి తొలి గోల్' అని వచ్చింది. ఆపై ఆదివారం పీఏ వ్యాన్ వేసుకుని దిగాడు.

"సారు చాలా ఆనందించారు. కానీ సగం టైం అయ్యాక మీవాళ్ళు దిక్కు మారిపోవడం వల్ల రెండో సగంలో సారుకి అవకాశం లేకుండా పోతోంది. అటువైపు గోల్ దగ్గర కూడా ఒక రాయి వేయిస్తాం. కొత్తది చెక్కించాలంటే ఆలస్యమవుతుంది, పాతదొకటి మిగిలిపోయింది. పేరు ఒకటే కదా."

కూలీలు రాయి దింపారు. లారీ పార్కింగ్ రాయి. గొయ్యి తవ్వారు, నిలబెట్టారు, సిమెంటు పోశారు, పీఏ ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

కండక్టరు గ్లవ్స్ చేతుల్లోనే నలుపుతూ బావ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, అయిపోయింది బావా! ఇంక లారీలొచ్చేస్తాయి!"

జెరాక్స్ షాపాయన అటు చివర గడ్డి మొలిచిన స్టేడియం రాయిని చూశాడు. ఇటు చివర సిమెంటు ఇంకా ఆరని రాయిని చూశాడు. ఆ రెండో రాయి మళ్ళీ ఎప్పుడొస్తుందోనని ఆరునెలలుగా గుండెలో ఉన్న బరువు దిగిపోయినట్టయింది. ఏ గోల్ పడకుండానే మొదటిసారి చప్పట్లు కొట్టాడు.

"నువ్వెళ్ళి ఆడుకోరా" అన్నాడు. "శంకుస్థాపన అయిపోయిందిగా. ఇంక లారీలు రావు."